రెండేళ్ళ యూనిఫారం

మా అమ్మాయికి రెండేళ్ళపాటు ఒకటే యూనిఫారం సరిపోయింది. సరిపోయినందుకు మేం సంతోషించాం. ఇప్పుడీ మాట రాస్తూంటే సిగ్గుగానే వుంది గాని, జరిగింది జరిగినట్టు చెప్పక తప్పదు. జూన్ నెలంటే మావంటి సంసారులకు ఎలాంటి నెలో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఫీజులూ, పుస్తకాలూ, బూట్లూ అన్నీ కట్టగట్టుకొని ఆ నెలలోనే వచ్చి మీద పడతాయి. 2024 జూన్‌లో మా ఆవిడ బీరువాలోంచి కిందటేడు గౌను తీసి పిల్లకి తొడిగి, "చూశారా, నిన్న కుట్టించినట్టుంది. ఈయేడు దీనికి పైసా ఖర్చు లేదు" అంది. నేను ఆవిడ పొదుపుకి మురిసిపోయి, మిగిలిన డబ్బుతో మావాడికి బూట్లు కొన్నాను.

ఇలాంటి ఆదాలు దానివల్ల మాకు ఇంకా వుండేవి. దానికి ఆరేళ్ళు నిండినా బస్సు కండక్టరు టికెట్టు అడిగేవాడు కాదు. అయిదేళ్ళలోపు పిల్ల అనుకొనేవాడు కాబోలు. నేనూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాణ్ణి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళందరికీ బస్సులో ఛార్జీ లేకుండా పోయేసరికి ఆ చిన్న దొంగతనానికి కూడా అవకాశం లేకపోయింది. ఇక త్యాగరాయ గానసభలో వాళ్ళ స్కూలు వార్షికోత్సవం జరిగితే, డాన్సులో దాన్ని ఎప్పుడూ ముందువరసలోనే నిలబెట్టేవారు. ఫొటోలు బాగా వస్తాయని మా ఆవిడ సంబరం. ముందువరసలో ఎందుకు నిలబెడుతున్నారో ఇద్దరం ఆలోచించలేదు.

మాది అశోక్‌నగర్‌లో ఒక సందులో మేడమీద వాటా. నేను కాలేజీలో తెలుగు పాఠం చెబుతాను. నా ఎత్తు 162 సెంటీమీటర్లు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని లోకం అంటుంది గనక నాకెప్పుడూ దిగులు లేదు. క్లాసులో వామనావతారం వచ్చినప్పుడు, ఆ తరవాత అగస్త్యుడు వచ్చినప్పుడు, నా గొంతు కాస్త ఎక్కువే లేస్తుందని పిల్లలు చాటున నవ్వుకొంటారుట.

కాని మావాడి సంగతి వేరు. వాడికప్పుడు పదమూడో ఏడు. అశోక్‌నగర్ గాలి వాడికి బాగా పట్టింది. తెల్లవారితే చాలు, పుస్తకాల సంచీలు తగిలించుకొని సెంట్రల్ లైబ్రరీ వైపు నడిచే కుర్రాళ్ళతో మా సందు నిండిపోతుంది. వాళ్ళలో సగంమంది పోలీసు ఉద్యోగాలకి చదివేవాళ్ళు. వాళ్ళ నోట 167.6 అనే అంకె ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మన రాష్ట్రంలో 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాడు కానిస్టేబులు గాని, ఎస్సై గాని కావాలంటే అంత ఎత్తుండాలి. చదువులో గట్టివాడు కూడా అర సెంటీమీటరు దగ్గర ఆగిపోయి వూరికి వెళ్ళిపోవడం మేం కళ్ళారా చూశాం. మావాడు ఎస్సై కావాలని నిశ్చయించుకొన్నాడు. పొద్దున్నే పక్క హాస్టలు గేటు కమ్మీకి గబ్బిలంలా వేలాడేవాడు. నెలనెలా వాడి ఎత్తు కొలిచి తేదీతోసహా నా ఫోనులో రాసుకొనేవాణ్ణి.

ఆ జులైలో వాణ్ణి నారాయణగూడలో హార్మోన్ల జబ్బులు చూసే ఒక పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకొని వెళ్ళాను. ఆవేళ మా అమ్మ గుడికి వెళ్ళడంవల్ల యింట్లో చూసేవాళ్ళు లేక చిన్నదాన్ని కూడా వెంటబెట్టుకొన్నాం. అంతే సుమండీ. లేకపోతే అది యింట్లోనే వుండిపోయేది.

డాక్టరమ్మ మావాణ్ణి గోడకానించి కొలిచింది. 143. ఎడమచేతి మణికట్టుకి ఎక్సరే తీయించింది. ఎముకల వయసు తెలుసుకోడానికి 1950లో అమెరికాలో అచ్చయిన ఒక ఎక్సరేల పుస్తకం వుందిట. మనం నిఘంటువు తిరగేసినట్టు వాళ్ళు ఆ పుస్తకం తిరగేసి, పిల్లవాడి ఎముక ఏ పేజీ బొమ్మతో సరిపోతుందో చూస్తారు. మావాడి ఎముకలకి పదకొండేళ్ళే నట. "మీరెప్పుడు పెరిగారు మాస్టారూ?" అని అడిగింది. ఇంటర్మీడియెట్‌లో ఒక్కసారిగా నాలుగంగుళాలు పెరిగానని చెప్పాను. "వీడూ అంతే. ఆలస్యంగా పెరిగే వంశం. తల్లిదండ్రుల ఎత్తులు కలిపి, మగపిల్లవాడైతే దానికి 13 సెంటీమీటర్లు చేర్చి సగం చెయ్యండి. అటూయిటూగా అక్కడికి చేరతాడు" అంది. మా ఆవిడ 152. లెక్క వేస్తే 163.5 వచ్చింది. మావాడి మొహం వాడిపోయింది. "ఎస్సై కాకపోతే కలెక్టరు అవు, దానికి ఎత్తు అక్కర్లేదు" అన్నాను. అక్కడితో మా పని అయిపోయింది.

లేచి నిలబడ్డాం. యింతలో చిన్నది, ఎవరూ పిలవకుండానే, వెళ్ళి ఆ కొలతబద్ద కింద నిలబడి, "నన్నూ కొలవండి ఆంటీ" అంది. డాక్టరమ్మ నవ్వుతూ లేచింది. కొలిచింది. నవ్వు పోయింది. "దీనికెన్నేళ్ళు?"

"ఎనిమిది."

108 సెంటీమీటర్లు. మన దేశపు పిల్లల కోసం బాలవైద్యుల సంఘంవారు 2015లో వేసిన పటం ఒకటుంది. అందులో వంపులు తిరిగిన గీతలు. అన్నిటికన్నా కిందిగీతకి కూడా కిందుగా పడింది మా అమ్మాయి చుక్క.

"కిందటేడాది ఎంతుండేది?"

నేను ఫోను తీశాను. అందులో మావాడి కొలతలు మూడేళ్ళవి వున్నాయి. దానివి ఒక్కటీ లేదు. డాక్టరమ్మ ఏమీ అనలేదు. అని వుంటే బాగుండేది. "పిల్ల ఎంత పొట్టిగా వుందన్నది కాదు మాస్టారూ, ఏడాదికి ఎంత పెరుగుతోందన్నది నాకు కావాలి. ఈ వయసులో అయిదారు సెంటీమీటర్లు పెరగాలి. నాలుగు కూడా లేదంటే చూడాల్సిందే. ఎక్కడైనా ఏదైనా పాత కొలత దొరుకుతుందేమో వెతకండి" అంది.

దారిలో మా ఆవిడ మాట్లాడలేదు. చిక్కడపల్లి దాకా వచ్చాక "టైలరు దగ్గర వుంటుంది" అంది.

మా టైలరుది చిక్కడపల్లిలో మెట్ల కింద దుకాణం. అతని దగ్గర అట్ట చిరిగిన పుస్తకం ఒకటుంది. 2021 జూన్‌లో గౌను పొడుగు 22 అంగుళాలు. 2022లో ఇరవైమూడున్నర. 2023లో 24. ఆపైన కొలత లేదు, మేం రాలేదు గనక. "పోయినేడే అర అంగుళం పెంచిన సార్. అప్పుడే అనుకున్న, పాప ఎదుగుతలేదేంది అని" అన్నాడు. మరి చెప్పలేదేమయ్యా అంటే, "ఆడపిల్ల సంగతి, నేనెట్ల చెప్త సార్?" అన్నాడు. అతన్ని అనడానికి నాకు నోరెక్కడిది?

మా అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. తిండి సరిగ్గా తినకపోవడమే కారణమంది. రాగిజావ మొదలుపెట్టింది. ఆవిడ మాట కొట్టిపారేసేది కాదు. మన దేశంలో ఏ గ్రంథి లోపమూ కుదించనంతమంది పిల్లల్ని ఆకలి కుదించింది. కాని డాక్టరమ్మ ఒక తేడా చెప్పింది. తిండి చాలని పిల్ల ముందు బరువు తగ్గుతుంది, ఆ తరవాతే పొడుగు తగ్గుతుంది. మా పిల్ల పొట్టిగా వున్నా బుగ్గలు నిండుగా, బొద్దుగా వుంది. ఆ బుగ్గలు చూసే కదా యింతకాలం అందరం ముద్దు చేసింది!

మొదట రక్తం, మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడు పరీక్షలు చేయించారు. గోధుమ పడని జబ్బుకి కూడా చేయించారు. మేం మూడుపూటలా అన్నం తినేవాళ్ళమే, అయినా చూడాలన్నారు. ఆడపిల్ల పొట్టిగా వుంటే క్రోమోజోముల పరీక్ష తప్పదట. టర్నర్ సిండ్రోమ్ అనే లోపంలో ఒక్కొక్కప్పుడు పొట్టితనం తప్ప వేరే గుర్తు పైకి కనిపించదు. ఆ ఫలితం వచ్చేదాకా మా ఆవిడ రాత్రిళ్ళు నిద్రపోలేదు. అది బాగానే వుంది. థైరాయిడూ బాగానే వుంది. ఎముకల వయసు మాత్రం అయిదున్నర. ఐజీఎఫ్-1 అని, పెరుగుదల హార్మోను చెప్పినమీదట ముఖ్యంగా కాలేయం తయారుచేసే పదార్థం ఒకటుంది, అదీ తక్కువ. "ఇది అనుమానమే గాని తీర్పు కాదు. ఆరునెలలు ఆగి మళ్ళీ కొలుద్దాం" అంది డాక్టరమ్మ.

ఆరునెలలు ఆగడం నాచేత కాలేదు. మా కాలేజీలో ఒక పెద్దమనిషి, "ఇంత తతంగం దేనికండీ? తిన్నగా ఆ హార్మోనే కొలిపించెయ్యండి" అన్నాడు. డాక్టరమ్మకి చెప్పకుండా ఒక లాబుకి తీసుకువెళ్ళి రక్తం యిప్పించాను. సాయంత్రం ఫోనుకి రిపోర్టు వచ్చింది. 0.2. ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పలేను. పిల్ల ఒంట్లో ఆ హార్మోను లేనే లేదనుకొన్నాం. పొద్దున్నే పరుగెత్తుకొని వెడితే డాక్టరమ్మ ఆ కాగితం చూసి, మడిచి నా చేతికే యిచ్చేసింది.

"మీ అశోక్‌నగర్‌లో కుళాయి ఎప్పుడొస్తుంది?" అని అడిగింది. నేను తెల్లబోయి, "రోజు విడిచి రోజు, ఒక గంట" అన్నాను. "మరి మిట్టమధ్యాహ్నం కుళాయి తిప్పి, నీళ్ళు రాలేదని చెరువే ఎండిపోయిందంటారా?" అంది. ఈ హార్మోనూ అంతేనట. రోజంతా ధారగా వుండదు, అలలు అలలుగా వస్తుంది, అందులో పెద్ద అల పిల్లలు గాఢనిద్రలో వున్నప్పుడు. పగలు ఎవరి రక్తంలో చూసినా, ఎంత ఏపుగా పెరిగే పిల్లవాడికైనా, సున్నాకి దగ్గరగానే కనిపించవచ్చు. అందుకని మందుతో ఆ గ్రంథిని తట్టి లేపి, అప్పుడు ఎంత యిస్తుందో కొలవాలి. ఆ గ్రంథి శనగగింజంత వుంటుంది, మెదడు కింద. లాటిన్ పేరుకి మూలం చీమిడి అట. ముక్కు కారడానికి అదే కారణమని పూర్వం వాళ్ళు అనుకొన్నారు. మనవాళ్ళు పీయూష గ్రంథి అన్నారు. పీయూషమంటే అమృతం. ఎవరు పెట్టారో గాని, పెట్టినవాడికి నమస్కారం.

2025 జనవరిలో మళ్ళీ కొలిస్తే 109.5. ఆరునెలలకి ఒకటిన్నర సెంటీమీటర్లు.

పరీక్ష చెయ్యాలన్నారు. అప్పుడు యింట్లో రేగింది. మా అమ్మ, "ఆడపిల్ల పొట్టిగా వుంటే ఏమొచ్చింది? పొడుగైతేనే సంబంధాలకి కష్టం. ఈ సూదులూ మందులూ రేపు నలుగురికీ తెలిస్తే దాన్నెవరు చేసుకొంటారు?" అంది. నేను అమ్మని సమర్థించలేదు, ఎదిరించనూ లేదు. అటువంటప్పుడు పేపరు చదువుకోవడం నాకు అలవాటు. మా ఆవిడ మెల్లిగా, "వాడికి ఎత్తు చాలదని మీరే తీసుకువెళ్ళారు. అప్పుడు సంబంధాల మాట రాలేదు" అంది. ఆవిడ అన్నది మా అమ్మతోనో నాతోనో యిప్పటికీ తెలియదు. ఆ పోలీసు నోటిఫికేషన్‌లోనే ఆడవాళ్ళకి 152.5 అని యింకో అంకె వుంది. ఏళ్ళతరబడి 167.6 వల్లెవేసినవాణ్ణి, పక్కనున్న ఆ అంకె ఆవేళే మొదటిసారి చూశాను.

ఫిబ్రవరిలో మొదటి పరీక్ష. ముందురోజు రాత్రి భోజనం తరవాత ఏమీ పెట్టకూడదు. పొద్దున్న ఎనిమిది గంటలకి చేతికి సన్నటి గొట్టం, క్యాన్యులా అంటారు, పెట్టారు. మళ్ళీ మళ్ళీ గుచ్చనక్కర్లేకుండా దాంట్లోంచే రక్తం తీస్తారు. ఏడుపంతా ఆ ఒక్కసారే. మొదటి రక్తం తీసి, క్లోనిడిన్ అనే మాత్ర మింగించారు. అది నిజానికి రక్తపు పోటుకి వాడే మందు. దానికి ఈ గ్రంథిని లేపే గుణం కూడా వుంది. అరగంటకొకసారి చొప్పున రెండు గంటలు రక్తం తీశారు. గ్రంథి లేచిందో లేదో గాని పిల్ల మాత్రం నిద్రలోకి జారిపోయింది. ఆ మందుకి మగతా, బీపీ పడిపోవడమూ మామూలేనట. నర్సు మాటిమాటికీ బీపీ చూస్తూనే వుంది. తల్లి వొళ్ళో వెల్లబారి పడుకొన్న పిల్లని చూస్తూ, ఆమాత్రం తెలియకపోయిందే అని నన్ను నేను ఎన్ని తిట్టుకొన్నానో. బీపీ తిన్నబడి, లేచి, వుప్మా తిని, కాసేపు కూర్చున్నాక గాని పంపలేదు.

పరీక్ష ఒకటి చాలదు. ఏ లోపమూ లేని పిల్లలు కూడా ఒక్క పరీక్షలో తప్పడం తరచు జరుగుతుందట. అందుకని వేరే మందుతో, వేరే రోజున రెండోసారి చెయ్యాలి. రెండింటిలోనూ తప్పితేనే తప్పినట్టు. ఇది నాకు బాగా నచ్చింది. మా పరీక్షల్లో కూడా యిలా వుంటే ఎంతమంది బతికిపోయేవారో! పదేళ్ళు దాటిన ఆడపిల్లలకీ, పదకొండు దాటిన మగపిల్లలకీ యౌవనం రాకపోతే, పరీక్షకి ముందు కొద్దిరోజులు ఆ హార్మోను యిచ్చి మరీ చేస్తారు కొందరు డాక్టర్లు. మా పిల్లకి ఆ అవసరం లేకపోయింది.

రెండోది గ్లూకగాన్ యింజక్షనుతో. ఇది మూడు గంటలు. ఈసారి మగత లేదు గాని వికారం. రెండుసార్లు వాంతి చేసుకొంది. "ఇంకా ఎన్నిసార్లు తీస్తారు నాన్నా?" అని అడుగుతూంటే వేళ్ళమీద లెక్కపెట్టి చూపిస్తూ కూర్చున్నాను. ఒక వేలు ముడిచినప్పుడల్లా అది నవ్వేది.

మిల్లీలీటరు రక్తంలో 10 నానోగ్రాముల దాకా లేస్తే చాలునని పాత లెక్క. కొత్త రకం పరీక్షలు వచ్చాక 7 చాలునంటున్నారు కొందరు. మా పిల్లకి మొదటిసారి అత్యధికం 4.1, రెండోసారి 5.6. తొమ్మిదిన్నర వచ్చివుంటే ఏమనేవారని అడిగాను. "ఆ అంకె గోడ కాదు మాస్టారూ. అందుకే పెరుగుదల, ఎముకలు, ఐజీఎఫ్ అన్నీ కలిపి చూస్తాం. మీ అమ్మాయికి అన్నీ ఒకవైపే చూపిస్తున్నాయి" అంది. తలకి ఎమ్మారై తీశారు. గ్రంథి చిన్నదిగా వుంది, గడ్డలాంటిదేమీ లేదు. ఆ రెండో మాట విన్నాకనే మా ఆవిడ కుర్చీలో వెనక్కి జారగిలబడింది. ఇలాంటి లోపం నాలుగు వేలనుంచి పదివేల మంది పిల్లల్లో ఒకరికి వుంటుందని చెబుతారు. పొట్టిపిల్లల్లో చాలామంది మావాడిలాంటివాళ్ళే. వాళ్ళకి ఏ మందూ అక్కర్లేదు.

మందు మొదలుపెట్టే రోజున మా అమ్మ తనూ వస్తానంది. వచ్చి డాక్టరమ్మని ఒకే ప్రశ్న అడిగింది. "ఎవరి ఒంట్లోంచి తీస్తారమ్మా ఈ మందు?" నాకు తల కొట్టేసినట్టయింది. కాని డాక్టరమ్మ, "మంచి ప్రశ్న అడిగారు" అంది. 1958లో బోస్టన్‌లో రేబెన్ అనే డాక్టరు మొదటిసారి ఒక కుర్రవాడికి యిచ్చి పెంచింది చనిపోయిన మనుషుల గ్రంథుల్లోంచి తీసిన హార్మోనే. పావుశతాబ్దంపైగా ప్రపంచంలో అదే వాడారు. అలా తీసుకొన్నవాళ్ళలో కొందరికి ఏళ్ళ తరవాత మెదడుకి ప్రాణాంతకమైన జబ్బు రావడంతో 1985లో అమెరికాలో దాన్ని ఆపేశారు. ఆ సంవత్సరమే సూక్ష్మజీవులచేత తయారుచేయించిన హార్మోనుకి అక్కడ అనుమతి వచ్చింది. ఇప్పుడు వాడేది అటువంటిదే, శవాల జోలి లేదు. మా అమ్మ అంతా విని, "అయితే సరే" అంది. ఆవిడ భయం సంబంధాల గురించే అనుకొన్నాను గాని, దానివెనక యింకో భయం వుందని నాకు తట్టలేదు.

2025 మార్చి నుంచి రోజూ రాత్రి పడుకొనేముందు యింజక్షను. పెన్నులాంటి సాధనం. సూది వెంట్రుకంత. ఒకరోజు కుడితొడ, ఒకరోజు ఎడమతొడ. మందు ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె పక్కన వుంటుంది. గడ్డకట్టకూడదు, వేడెక్కకూడదు. కరెంటు పోతే మా యింట్లో అందరి చూపూ ఫ్రిజ్ మీదే. నెలకి దాని ఖర్చు మా అద్దెకన్న కొంచెం ఎక్కువే. ఆ లెక్కలు ఎలా సర్దుతున్నామో చెబితే అదొక వేరే వ్యాసం. మూడునెలలకోసారి చూపించుకోవాలి. పెరుగుదల పూర్తయ్యేదాకా యిలాగే. ఆ తరవాత మందు ఆపి మళ్ళీ పరీక్ష చేస్తారట. కొంతమందికి అప్పటికి గ్రంథి బాగానే పనిచేస్తున్నట్టు తేలుతుందట.

మొదటివారం నాకు చెయ్యి వణికింది. మా ఆవిడకి కళ్ళు తిరిగాయి. మూడోరోజు నుంచి సూది వెయ్యడం మావాడు నేర్చుకొన్నాడు. నేను పక్కన నిలబడి అంకె సరిచూస్తాను. వాడే గోడమీద కాలెండరులో కు, ఎ అని రాస్తాడు. చెల్లెలికి మెస్సీ కథ చెప్పిందీ వాడే. ఆయనకీ చిన్నప్పుడు ఈ లోపమే అనీ, బార్సిలోనా క్లబ్బువాళ్ళు వైద్యం ఖర్చు భరించారనీ. 2025 డిసెంబరులో మెస్సీ మన ఉప్పల్ స్టేడియానికి వస్తే ఇద్దరూ టీవీకి అతుక్కుపోయారు. అది అంతా చూసి, "ఆయన కూడా పొట్టిగానే వున్నాడుగా అన్నయ్యా?" అంది. మావాడి దగ్గర జవాబు లేదు.

సంక్రాంతికి ముందు కొలిస్తే 117.8. పది నెలలకి ఎనిమిది పైగా. చదువుల ఏడాది మధ్యలోనే గౌను మోకాళ్ళు దాటి పైకి పోయింది. స్కూల్లో టీచరు అడిగిందని చెప్పి అది ఏడుపుమొహం పెట్టింది. ఆ గౌను మెత్తగా వుంటుందిట, కొత్తది వద్దుట. శనివారం సాయంత్రం దాన్ని చిక్కడపల్లి తీసుకొని వెళ్ళాం. టైలరు టేపు తీసి భుజం దగ్గర పెట్టి, మోకాలిదాకా లాగి, పుస్తకం తెరిచి, పాత కొలత కింద కొత్త గీత గీశాడు.

"ఇరవైఏడు సార్. కింద మడత ఎంత పెట్టమంటరు?"

నేను మా ఆవిడకేసి చూశాను.

"రెండంగుళాలు పెట్టు" అంది.